పొరపొచ్చాల సింహద్వారం

తాడువంతెన సగం దాటేసరికి చందనగిరి యువరాజు అమరకేతుకు రెండు సంగతులు తెలిశాయి. మొదటిది, వెనక మూగసేన వంతెన తాళ్ళను కొడవళ్ళతో కోస్తోంది. రెండోది, ముందు నడుస్తున్న సేనాని కూతురు వకుళ పొద్దుటినుంచి తనతో ఒక్క మాటా మాట్లాడలేదు.

మొదటిదానికి కారణం అతనికి తెలుసు.

"పరుగెత్తండి!" అని అరిచాడు. వకుళ అప్పటికే పరుగెత్తుతోంది. ఆమె వెనక, రెండు చేతులా పంచె ఎత్తిపట్టుకుని, ఆస్థాన మన్నింపుల భట్టు పేరిభట్టు ఆయాసపడుతున్నాడు.

"ప్రభూ! వంతెన ఊగుతోంది!"

"అది ఊగనీ! నువ్వు ఊగకు!"

ఫట్టుమని ఎడమ తాడు తెగింది. మరుక్షణం కుడి తాడూ తెగింది. ముగ్గురూ పట్టుతప్పిన ఉయ్యాలలా గాలిలోకి లేచి అవతలి కొండకు దభీమని గుద్దుకున్నారు. తెగిన తాడుకు వేలాడుతూనే వకుళ ఒక చేత్తో పేరిభట్టు పిలక దొరకబుచ్చుకుంది. పిలకకు ఇంత బలం ఉంటుందని పేరిభట్టుకు ఆ రోజే తెలిసింది. తాడు పట్టుకుని ముందుగా పైకి పాకిన అమరకేతు ఆమెకు చెయ్యి అందించాడు.

ఆమె ఆ చేతిని చూసి, పక్కనున్న ముళ్ళపొద పట్టుకుని, పేరిభట్టునూ లాక్కుంటూ పైకి వచ్చింది.

"ముళ్ళు గుచ్చుకోలేదా?" అన్నాడు అమరకేతు.

"అక్కర్లేదు," అంది వకుళ. అడిగినదానికి అది జవాబు కాదని యువరాజు కాసేపు ఆలోచించాడు.

లోయలోకి తొంగిచూస్తే, అవతలి గట్టు దిగిన మూగసేన అప్పుడే ఈ కొండగోడను బల్లుల్లా పాకుతూ వస్తోంది. వాళ్ళంతా ఒకప్పుడు మామూలు మనుషులే. అన్న మీద కోపం మింగిన తమ్ముళ్ళు, యజమాని మాట గుండెల్లో దాచుకున్న నౌకర్లు, మొగుడి మీద అలిగి ఎందుకో చెప్పని ఇల్లాళ్ళు. నోరు దాటని కోపం ఎక్కడుంటే అక్కడ మాంత్రికుడు ఘూకదంతుడి మంత్రం పనిచేస్తుంది. ముందు గొంతు బిగుస్తుంది, తర్వాత చర్మం బూడిదరంగు తిరుగుతుంది, ఆపైన వాడు చెప్పిందే వేదం. వాళ్ళ చెయ్యి సోకిన మనిషి మనసులో అలాంటి కోపమే ఉంటే వాళ్ళలో కలిసిపోతాడు.

వకుళ తండ్రి, సేనాని గండమనాయకుడు, ఇప్పుడా మాంత్రికుడి కోటలో బందీ. ఇవాళ సూర్యుడు అస్తమించేసరికి ఆయన్ను మూగసేనకు అధిపతిని చేస్తానని ఘూకదంతుడు నాలుగు రాజ్యాల్లో చాటించాడు. సూర్యుడు పడమటి కొండకు మూరెడు పైన ఉన్నాడు.

కొండ మలుపు తిరగగానే కోట కనిపించింది. ముగ్గురూ ఒక్కక్షణం పరుగు మరిచారు. నెమలికంఠం రంగు రాతితో కట్టిన ప్రాకారం, దాని మీద పగడపు తీగల్లా ఎగబాకిన ఎర్రపూల పొదలు, శిఖరాల మీద సాయంకాలపు ఎండకు కరిగి జారిపోతుందేమో అన్నట్టు మెరిసే బంగారు కలశాలు. బురుజుల చుట్టూ తెల్లని మేఘాలు తలపాగాల్లా చుట్టుకుని ఉన్నాయి. ఆ కోటకు ఒక్కటే ద్వారం. గడియ లేదు, తాళం లేదు, కాపలా భటుడు లేడు. తలుపు పక్కన ఏనుగంత రాతిసింహం ఒకటి ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది.

అమరకేతు భుజంతో తలుపును గుద్దాడు. భుజమే నొచ్చింది.

సింహం ఒక కన్ను తెరిచింది. "ఎంతమంది?"

పేరిభట్టు అక్కడే కూలబడ్డాడు. అమరకేతు కత్తి దూశాడు. "చందనగిరి యువరాజును! దారి విడు!"

"ఎంతమందని అడిగాను. ఎవరని అడగలేదు."

"ముగ్గురం," అంది వకుళ.

సింహం ముక్కుపుటాలు ఎగరేసి వాసన చూసింది. అటు ఒకసారి, ఇటు ఒకసారి. తర్వాత గట్టిగా తుమ్మింది. ప్రాకారం మీది పావురాలన్నీ లేచిపోయాయి.

"అబ్బబ్బ! ఈ మధ్యకాలంలో ఇంత ఘాటు వాసన తగల్లేదు. చూడు నాయనా, ఈ కోట కట్టించిన రాజు సుమేధుడికి నలుగురు కొడుకులు. నలుగురూ పైకి నవ్వుతూ, లోపల కత్తులు నూరుకునేవాళ్ళు. విసుగెత్తి ఈ తలుపు పెట్టించాడు. మనసులో పొరపొచ్చాలున్నవాళ్ళు కలిసివస్తే ఇది తెరుచుకోదు. తేల్చుకుని రండి. నేను పడుకుంటాను."

"మరి ఆ మాంత్రికుడెలా వచ్చాడు?"

"ఒంటరిగా వచ్చాడు. వాడికి ఎవరిమీదా అలక లేదు, ఎవరిమీదా ఆపేక్షా లేదు. తర్వాత ఈడ్చుకొచ్చిన సేనాని కూడా అప్పటికి లోపల ఏమీ దాచుకోలేదు. నేనేం చెయ్యను? తీశాను."

"అయితే నేనూ ఒంటరిగానే వెళతాను," అన్నాడు అమరకేతు.

"ఆ పిల్ల ఇక్కడ ఉండిపోతే, మనసులో ముల్లూ ఇక్కడే ఉండిపోతుందా? నీ లోపలేగా ఉంది. నీతోపాటే వస్తుంది."

అమరకేతు ఆశ్చర్యంగా వకుళ వైపు తిరిగాడు. "నీకు నా మీద కోపమా?"

"ఏమీ లేదు," అంది వకుళ.

సింహం గుర్రుమంది. తలుపు మీంచి మట్టి రాలింది.

"లేదంటోంది కదా!" అన్నాడు అమరకేతు.

సింహం రెండో కన్నూ తెరిచి అతన్ని జాలిగా చూసింది. "యువరాజా, నీకు పెళ్ళయిందా?"

"లేదు."

"మంచిది. తొందరపడకు."

అప్పుడే కొండ అంచున మొదటి బూడిదరంగు చెయ్యి కనిపించింది. వకుళ కత్తి దూసి మెట్ల దగ్గర నిలబడింది. పైకి వచ్చిన మొదటివాణ్ణి కాలితో తన్నింది, రెండోవాణ్ణి కత్తి వెనకవైపుతో కొట్టింది. వాళ్ళంతా ఒకప్పటి మనుషులే కనుక పదును వాడలేదు.

"త్వరగా కానివ్వండి, యువరాజా!" అంది తల తిప్పకుండానే. 'యువరాజా' అన్నప్పుడు ఆమె గొంతులో పచ్చిచింతకాయ పులుపు వినిపించింది.

అమరకేతుకు ఒక ఉపాయం తట్టింది. ఉపాయం కూడా కాదు, తాతముత్తాతల నాటి ఆచారం. చందనగిరి రాజవంశంలో ఎవరూ తమ నోటితో మన్నింపు అడగరు. అందుకని ఒక ఉద్యోగి ఉంటాడు. ఏ రాజు ఎవరి మనసు నొప్పించినా, మన్నింపుల భట్టు బంగారు పళ్ళెంలో కానుక పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి, రాజుగారి బదులు తను చేతులు జోడించి వస్తాడు. యువరాజు ఈ కోటకు బయల్దేరుతుంటే కత్తి ఇచ్చారు, కవచం ఇచ్చారు, దారిలో ఎవరినైనా నొప్పిస్తారేమోనని పేరిభట్టునూ ఇచ్చారు.

"భట్టూ! కానివ్వు!"

పేరిభట్టు లేచి, పంచె సర్దుకుని, మెట్ల మీద కత్తి తిప్పుతున్న వకుళ వీపుకు నమస్కరించాడు. "ఓ సుగుణవతీ! శరచ్చంద్రుని వెన్నెలవంటి మనసుగల మా ప్రభువులు, తెలిసో తెలియకో, కాలవైపరీత్యం చేతనో, గ్రహచారం చేతనో..."

సింహం ఆవులించింది. ఆ ఆవులింత పూర్తయ్యేదాకా భట్టు ఆగాల్సి వచ్చింది.

"ఈయనెవరు?"

"నా బదులు మన్నింపు అడుగుతాడు."

"నీ బదులు అన్నం కూడా ఈయనే తింటాడా?"

"అదీ లేదు," అన్నాడు పేరిభట్టు నీరసంగా. "పొద్దుటినుంచి ఎవరూ పెట్టనే లేదు."

అమరకేతు మొహం ఎర్రబడింది. సరే, ఒక్కసారికి తనే చెబుదామనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "వకుళా! నా వల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే..."

సింహం గుర్రుమంది. "ఉంటే ఏమిటయ్యా, ఉంటే? జరిగిందో లేదో తెలియకుండానే అడుగుతున్నావా?"

"సరే! పొరపాటు జరిగింది. కానీ శత్రువులు కనుమలో అలా పొంచి ఉంటారని..."

ఈసారి గర్జనకు అమరకేతు కిరీటం ఎగిరి లోయలో పడింది.

"'కానీ' అన్నావంటే అప్పటిదాకా చెప్పిందంతా తుడిచేసినట్టే," అంది సింహం. "ముందు తెలుసుకో. ఆ పిల్లకు ఎందుకు కోపం?"

"మీ నాన్న పట్టుబడినందుకేగా?" అని అరిచాడు అమరకేతు మెట్ల వైపు. "దానికి పేరిభట్టును పంపాను కదా! ముత్యాలహారం కూడా పంపాను!"

"అందింది!" అంది వకుళ, ఒకడి కొడవలిని ఎగరగొడుతూ. "మా గేదె మెళ్ళో వేశాను! బాగా నప్పింది!"

"గేదె మెళ్ళోనా! అవి సింహళ ముత్యాలు!"

"దానికీ అదే చెప్పాను!"

ఆ మాట అంటూ ఒక్కక్షణం ఆమె పక్కకు చూసింది. అంతే. బూడిదరంగు చెయ్యి ఒకటి ఆమె భుజం మీద పడింది. వకుళ ఆ చేతిని విదిలించుకుంది కానీ, పడిన చోటినుంచి బూడిదరంగు మెడ వైపు పాకసాగింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి తలుపుకు ఆనుకుంది. కత్తి జారింది.

అమరకేతు ఆ కత్తి అందుకుని మెట్లకు అడ్డం నిలబడ్డాడు. రెండు చేతులా రెండు కత్తులు తిప్పుతూ, "వకుళా! ఏమైంది? చెప్పు!" అన్నాడు.

"ఏమీ..." ఆమె గొంతు పూడిపోతోంది. "ఏమీ లేదు..."

ఆ మాటతో బూడిద వేలెడు పైకి ఎగబాకింది.

అమరకేతుకు అప్పుడు భయమేసింది. ఏనుగుల తొక్కిసలాటలోనూ, నాగలోకపు బిలంలోనూ వెయ్యని భయం. ఇంకో 'ఏమీ లేదు' అంటే ఈ పిల్ల మళ్ళీ మాట్లాడదు. కత్తులతో అడ్డుకుంటూనే, వెనక్కి తిరగకుండానే, మాటలు ఏరుకోకుండానే మొదలుపెట్టాడు.

"కనుమలోకి పోవద్దని మీ నాన్న చెప్పాడు. నేను వినలేదు. పారిపోతున్నవాళ్ళను తరమడం సరదాగా అనిపించింది, పోయాను. ఆయన దారికి అడ్డం నిలబడి నన్ను పొమ్మన్నాడు. పోయాను. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. ఊరికొచ్చాక మీ ఇంటికి రావాలనే అనుకున్నాను. వీధి మొదటిదాకా వచ్చాను కూడా. నీ మొహం చూడాలంటే భయమేసింది. అందుకే భట్టును పంపాను. తప్పు నాది. నన్ను మన్నించు."

ఈసారి సింహం గుర్రుమనలేదు.

తర్వాత వెనకనుంచి ఒక ఎక్కిలి వినిపించింది. దాని వెంట అరుపు.

"ఇప్పుడా చెప్పేది? నువ్వొస్తావని గుమ్మంలో కూర్చున్నానయ్యా! అన్నం కూడా తినకుండా కూర్చున్నాను! నువ్వు రాలేదు, పళ్ళెం వచ్చింది! నాకు హారం ఎందుకు? మా నాన్న ఆఖరున ఏమన్నాడో, ఎలా ఉన్నాడో చెప్పడానికి నువ్వొక్కడివే కదా ఉన్నావు! మొద్దు! దున్నపోతు!"

చిన్ననాటి తర్వాత ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. తిట్టు తిట్టుకూ ఆమె మెడ మీది బూడిద పొట్టులా రాలింది. అమరకేతుకు సన్నాయి విన్నంత హాయిగా ఉంది.

"ఒకటి తీరింది," అంది సింహం. "రెండోది కానివ్వండి."

"రెండోదేమిటి?"

"నీది. నీకూ ఉందిగా ఆ పిల్ల మీద."

"నాకా? ఛ! నేను మగవాణ్ణి. అలాంటివి మనసులో పెట్టుకోను," అన్నాడు అమరకేతు. సింహం గర్జనకు కలశం ఒకటి ఊడి పడింది.

మూగసేన ఇంకో రెండు మెట్లు ఎక్కింది. సూర్యుడు జానెడు దిగాడు. అమరకేతు పళ్ళు కొరికి, గాలితో చెబుతున్నట్టు అన్నాడు: "వసంతోత్సవంలో... కత్తియుద్ధం పోటీలో... నువ్వు కావాలని కత్తి జారవిడిచావు."

వకుళకు నవ్వొచ్చింది. "అదా! ఇన్నేళ్ళూ అదా!"

"నవ్వకమ్మా," అంది సింహం. "నీ ముల్లు తీసేటప్పుడు అతను నవ్వలేదు."

వకుళ నవ్వు ఆగిపోయింది. "నీకు తెలిసిందనుకోలేదు."

"ఊరంతా జేజేలు కొట్టింది. గజమాల వేశారు. నీ మొహంలో ఆ జాలి నాకొక్కడికే కనిపించింది. ఆ మాలను ఇంటిదాకా ఎలా మోశానో నాకే తెలుసు."

"ఓడిపోతే చిన్నబుచ్చుకుంటావనుకున్నాను. గెలిపించి చిన్నబుచ్చాను," అంది వకుళ నెమ్మదిగా. "తప్పయింది. ఇకమీదట జాలిపడను. వచ్చే వసంతానికి నిజంగానే మట్టి కరిపిస్తాను."

"చూద్దాం!" అన్నాడు అమరకేతు. అతని గుండెల మీంచి ఆ పాత మాల బరువంతా దిగిపోయింది. ఊపులో ఒక్క తాపుతో నలుగురిని మెట్ల మీంచి దొర్లించాడు.

తలుపు కిర్రుమని వేలెడు తెరుచుకుని, ఆగిపోయింది.

సింహం మెల్లగా పేరిభట్టు వైపు తల తిప్పింది.

"నాకా?" అన్నాడు పేరిభట్టు. "నాకేం కోపాలు స్వామీ? కోపాలు తీర్చేవాణ్ణి! నాకు ఎవరిమీదా..."

గుర్రు.

"అంటే... చిన్నది. అసలు చెప్పుకోదగ్గది కాదు..."

గుర్రు.

ఇక ఆనకట్ట తెగినట్టయింది. "చెప్పుకోదగ్గదే! తప్పులు మీరు చేస్తారు, చెప్పులు నా మీద పడతాయి! పెద్దరాజుగారు మంత్రిగారి గడ్డం మీద హాస్యమాడితే, మంత్రిగారి భార్య నన్ను గరిటెతో కొట్టింది! ఇన్నేళ్ళలో ఎవరెవరి బదులో ఏడ్చాను, నాకోసం ఎవరైనా ఏడ్చారా? పొద్దున నా మూటలో నువ్వులుండలు తెచ్చుకున్నాను! ఎవరు తిన్నారు?"

అమరకేతు, వకుళ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేను నాలుగు," అంది వకుళ.

"మిగతావి నేను," అన్నాడు అమరకేతు. "మీరు తిన్నారా అని అడగనైనా అడగలేదు. పైగా ఇన్నేళ్ళూ మా ఇంటి సిగ్గంతా మీ చేత మోయించాం. మన్నించండి, భట్టుగారూ."

యువరాజు తనను 'గారూ' అనడం విని పేరిభట్టు గట్టిగా ముక్కు చీదాడు. "అలవాటు లేదు ప్రభూ. పుచ్చుకునేటప్పుడు ఏమనాలో తెలియదు."

"లోపలికి రండి అంటే చాలు!" అని వకుళ ఆయన్ను ఈలోగా బార్లా తెరుచుకున్న తలుపులోంచి లోపలికి నెట్టింది. అమరకేతు ఆఖరున దూకాడు. తలుపు మూగసేన ముక్కుల ముందు ధన్‌మని మూసుకుంది. బయట సింహం మళ్ళీ గురకపెట్టడం వినిపించింది.

లోపల విశాలమైన ప్రాంగణం. నేలంతా నల్లని అద్దంలాంటి రాయి. నడుమ ఎత్తైన వేదిక మీద గండమనాయకుడు నిలబడి ఉన్నాడు. పాదాలనుంచి ఛాతీదాకా బూడిదరంగు శిల. కళ్ళు మాత్రం బతికి ఉన్నాయి, సూటిగా అమరకేతునే చూస్తున్నాయి. పైన, పట్టుతెరల వసారాలో, గుడ్లగూబ ముక్కు వంటి ముక్కుతో ఘూకదంతుడు దిండు మీద ఒరిగి ద్రాక్షపళ్ళు తింటున్నాడు.

"రండి, రండి!" అన్నాడు. "సరిగ్గా సమయానికి వచ్చారు. నేను ఆయన్ను ఏమీ చెయ్యలేదు సుమా! యువరాజు నిన్ను వదిలి పారిపోయాడు, ఒక్కసారైనా వెనక్కి చూడలేదు అని చెప్పానంతే. ఆనాటినుంచి నోరు విప్పలేదు. మిగతా పని ఆయనే చేసుకుంటున్నాడు."

"నాన్నా!" అని వకుళ పరుగెత్తబోయింది. శిల ఛాతీ దాటి మెడకు పాకింది.

పేరిభట్టు అలవాటు కొద్దీ చేతులు జోడించి ముందుకు అడుగేశాడు. అమరకేతు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. రెండు కత్తులూ నేల మీద పెట్టాడు. ఒక్కడే వేదిక దాకా నడిచాడు. ద్వారం దగ్గర చెప్పేటప్పుడు చేతిలో కత్తులున్నాయి, వీపు తిప్పుకునే వీలుంది. ఇక్కడ అవేవీ లేవు.

"నాయకా," అన్నాడు. "వాడు చెప్పింది నిజమే. వెనక్కి చూడలేదు. మీరు పోవద్దన్నా పోయాను. మీరు పొమ్మన్నప్పుడు పోయాను. ఇన్నాళ్ళూ రాలేదు. తప్పు చేశాను. మన్నించమని అడగడానికి వచ్చాను."

శిల గడ్డానికి ఎగబాకింది. సూర్యుడి ఆఖరి ఎండ కోట ధ్వజస్తంభం కొసన గింజంత మిగిలింది. ఇంకేమైనా చెప్పాలనీ, కారణాలు చెప్పాలనీ, గజమాల వేస్తానని అయినా చెప్పాలనీ అమరకేతుకు నాలుక దురద పెట్టింది. నోరు మూసుకుని, ఆ కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

పెళ్ళున చప్పుడైంది. సేనాని పెదవుల మీద రాయి చిట్లింది.

"ఎన్నిసార్లు..." ఆ గొంతు బండల కింది నీటిలా వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పానయ్యా నీకు!"

వకుళ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"పారిపోయేవాణ్ణి ఇరుకుదారిలో తరమొద్దని ఎన్నిసార్లు చెప్పాను! పలకలో రాయించానా లేదా? ఇసుకలో గీసి చూపించానా లేదా? ఊఁ అన్నావు! తల ఊపావు! మళ్ళీ అదే పని!" ఛాతీ మీది శిల పెంకులు పెంకులుగా ఊడుతోంది. "పైగా ఇన్నాళ్ళా రావడానికి? దారి మరిచావా, గుర్రం చచ్చిందా?"

"తిట్టు నాన్నా!" అని వకుళ ఏడుస్తూ నవ్వింది. "ఆపకు! ఇంకా తిట్టు!"

"నువ్వు మాట్లాడకు! ఈ మొద్దు వెంట ఒక్కదానివే వస్తావా? తోడుగా ఆ భట్టు ఒకడా?"

ఎండ గింజ ఆరిపోయింది. అప్పటికే గండమనాయకుడు చివరి పెంకును మోకాలినుంచి విదిలించి వేదిక దిగుతున్నాడు. పైన వసారాలో ఘూకదంతుడి చేతిలోంచి ద్రాక్షగుత్తి జారిపడింది. వాడు కెవ్వున అరిచి, గోడకున్న కంచు సంకెలను గుంజాడు.

నల్లని అద్దపు నేల నడిమికి చీలి రెండు రెక్కలుగా కిందికి తెరుచుకుంది. నలుగురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే వ్యవధి మాత్రమే దొరికింది. అడుగు కనిపించని చీకట్లోకి జారిపోతున్నారు. ఎక్కడో కిందినుంచి నీటి హోరూ, ఆ నీటిలో ఏదో పెద్ద ప్రాణి తోక కొట్టిన చప్పుడూ వస్తున్నాయి. పేరిభట్టు గుర్తున్న దేవుళ్ళందరినీ పిలుస్తున్నాడు.

"అడుగు వేసేముందు నేల చూసుకోవద్దూ!" సేనాని గొంతు చీకట్లో ఖంగుమంటూనే ఉంది. "యుద్ధవిద్యలో మొదటి పాఠం! చెప్పానా, లేదా?"

"చెప్పారు నాయకా!" అన్నాడు అమరకేతు, పడిపోతూనే, తన సొంత నోటితోనే. "నేనే వినలేదు!"